ఆరో టేకు

ఎమ్డెన్, 3 అక్టోబరు 1965

అక్కా,

నిన్న సాయంత్రం చేరాను. బ్రేమెన్‌లో రైలు మారేటప్పుడు నువ్వు కట్టిచ్చిన రొట్టె తిన్నాను. రేవు పక్క వీధిలో తాళాలు బాగుచేసే ఒకాయన ఇంట్లో పైగది ఇచ్చారు. కిటికీ తీస్తే చేపల వాసన, మూస్తే నూనె వాసన. రెండూ ఫరవాలేదు.

నాన్న స్టేషనుకు రాలేదని నాకేం కోపం లేదు. ఆయనతో చెప్పు. కోపం రావాలి కదా అని రైల్లో కూర్చుని చూశాను. రాలేదు.

డైరెక్టర్ తీలెమన్ నన్నెందుకు ఎంచుకున్నాడో ఇవాళ తెలిసింది. ఆయన చేతిగడియారం బాగుచేయించుకోవడానికి నేను పని నేర్చుకునే షాపుకి వచ్చిన రోజున, నేను దాన్ని విప్పుతున్నంతసేపూ నా మొహమే చూశాడట. "నీ మొహం మీద ఏమీ కనపడదయ్యా. నాక్కావాల్సింది అదే. నటించావంటే మాత్రం వచ్చిన రైల్లోనే వెనక్కి పంపేస్తా" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

కథ చెబుతానన్నాను కదా. 1931లో వచ్చిన నవల. రాసినాయన యుద్ధంలో పోయాడు, అదొక్కటే ఆయన పుస్తకం. ఒక చిన్న రేవు ఊళ్ళో, ఓడల మీద పనికి పోయే కుర్రాళ్ళకి చదువు చెప్పే బడి. అందులో ఒక ముసలి మాస్టారు. ఆయనకి చేతులు వణికే జబ్బు. కుర్రాళ్ళకి ఆయనంటే గిట్టదు. తాగి పాఠం చెబుతున్నాడని కాగితం రాసి నలుగురు సంతకాలు పెడతారు. యోర్గ్ అనేవాడికి అది అబద్ధమని తెలుసు. అయినా పెడతాడు. మాస్టారి ఉద్యోగం పోతుంది. ఒక రోజు పొద్దున్నే ఆయన సముద్రంలోకి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. యోర్గ్ రేవుగోడ మీద నిలబడి చూస్తాడు. కేక వెయ్యడు. అంతే కథ. నేను యోర్గ్.

మాస్టారి వేషం వేసేది ఓస్కార్ ఫెన్నెకోల్ గారు. ఓల్డెన్‌బుర్గ్ నాటకాల మనిషి, అరవై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళుగా స్టేజీ మీద తలుపు తీసే నౌకరు, ఉత్తరం తెచ్చే జవాను, ఇవే వేషాలట. సినిమా ఇదే మొదలు. ఇక్కడ అందరూ ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తున్నారు. నేనూ అంతే.

మోమ్మె బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
డెట్లెఫ్

* * *

హూజుమ్, 11 అక్టోబరు 1965

ఒరే డెట్లెఫ్,

సినిమాలో హీరో వేషం వచ్చినవాడు రాసే ఉత్తరమా ఇది? చేపల వాసన ఫరవాలేదట, నూనె వాసన ఫరవాలేదట! ఆస్పత్రిలో మంచం మీంచి రాసినట్టుంది. బేకరీ ఆవిడ నన్ను ఆపి మరీ అడిగింది, "మీవాడి పక్కన హీరోయిన్ ఎవరమ్మా?" అని. అరవై నాలుగేళ్ళ ముసలాయనండీ అన్నాను. ఆవిడ మొహం చూసి తీరాల్సిందే.

బావ పడవ మరమ్మతుకి వెళ్ళింది. అందుకని ఆయన కూడా వంటింట్లో నాతోపాటు రొయ్యలు ఒలుస్తున్నాడు. నేను గిన్నెడు ఒలిచేసరికి ఆయనవి పది. ఆ పదిలో నాలుగు నోట్లోకి పోతాయి.

నాన్న సంగతి నీకు తెలియందా? "ఇంకొక్క ఏడాది ఉంటే గడియారం పని చేతికొచ్చేది" అని రోజుకోసారి అంటారు. కోర్టు గుమాస్తాగా నలభై ఏళ్ళు అన్నీ వరస ప్రకారం చేసిన మనిషి. నువ్వు మధ్యలో లేచి వెళ్ళిపోయావు, అదీ ఆయన బాధ. కానీ మొన్న పేపర్లో మీ సినిమా గురించి నాలుగు లైన్లు వస్తే కత్తెరతో కత్తిరించారు. నేను చూడలేదనుకున్నారు.

నీకు కోపం రాలేదని రాశావు. నాకది కొత్త కాదు. అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. ఇల్లంతా ఏడుస్తుంటే నువ్వు గోడ గడియారానికి కీ ఇస్తూ కూర్చున్నావు. అత్త "వీడు రాయి" అంది. ఆవిడతో నేను ఏడాది మాట్లాడలేదు. నీ లోపల ఏముందో నాకు తెలుసురా. ఆ డైరెక్టర్‌కి తెలియకపోతే పోనీ.

కడుపునిండా తిను. తలకి టోపీ పెట్టుకో.

నీ అక్క
వీబ్కె

* * *

ఎమ్డెన్, 30 అక్టోబరు 1965

అక్కా,

షూటింగ్ సగం అయింది. ఎక్కువగా నడుస్తాను, కిటికీలోంచి చూస్తాను. తీలెమన్ ప్రతి షాట్‌కి ముందు ఒకటే మాట అంటాడు, "ఇంకా ఖాళీగా". మొదట్లో అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అలవాటైంది. లోపల ఒక్కో దీపం ఆర్పుకుంటూ వెళ్ళడమే. షాట్ అయ్యాక మళ్ళీ వెలిగించడానికే కాస్త టైం పడుతోంది. ఒక్కోసారి వెలిగించను కూడా.

ఫెన్నెకోల్ మాస్టారు మాత్రం ఖాళీ సమయంలో నన్ను వదలరు. ఇక్కడివాళ్ళలాగే కలకండ ముక్క మీద వేడి టీ పోసి, అది పగిలే చప్పుడు వినమంటారు. "హార్క్సెన్ గారూ, మీరు జేబుల్లోంచి చేతులు తియ్యండి. స్టేజీ మీద చేతుల్ని దాచుకునేవాడు దొంగైనా అయ్యుండాలి, కొత్తవాడైనా అయ్యుండాలి" అంటారు. నేను కొత్తవాణ్ణే అంటే, "అయితే ఇంకా టైముంది" అని నవ్వుతారు. ఆయనకి చేతులు వణకవు. వణికించడం అద్దం ముందు నెల రోజులు నేర్చుకున్నారట.

వాళ్ళావిడ హెర్మీనె గారికి రోజూ ఒక కార్డు రాస్తారు. నిన్న పోస్టులో వెయ్యమని నాకిచ్చారు. చదివాను. "ఇవాళ నా మీద మూడు దీపాలు పెట్టారు" అని ఉంది.

డెట్లెఫ్

* * *

ఎమ్డెన్, 10 నవంబరు 1965

అక్కా,

నీళ్ళ సీను నిన్న అయిపోయింది. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాకా పట్టింది. తీలెమన్ వచ్చి నన్ను కౌగలించుకున్నాడు. ఇంతకాలంగా ఎదురు చూసిన మొహం ఇదేనన్నాడు.

ఇంకేమీ లేదు.

డెట్లెఫ్

* * *

హూజుమ్, 17 నవంబరు 1965

ఒరేయ్,

"ఇంకేమీ లేదు" అనడానికి కవరెందుకు, స్టాంపెందుకు? డైరెక్టర్ కౌగలించుకున్నాడంటే సంతోషపడాలా వద్దా, అది కూడా రాయవు. బావ అంటున్నాడు, ఇలా రెండు ముక్కలు రాసేవాడి వెనక ఎవరో పిల్ల ఉంటుందట. తనూ నాకు అలాగే రాసేవాడట. అబద్ధం. నాకు నాలుగు పేజీలు రాసేవాడు, అందులో మూడు పేజీలు గాలి ఎటు వీస్తోందో.

నిజంగా పిల్ల ఉంటే చెప్పు. నేను నాన్నకి నెమ్మదిగా చెబుతాను. ఆ పిల్ల కాదంది కాబట్టే ఇలా ఉన్నావంటే అది కూడా చెప్పు. అక్కని కాబట్టి పోనీలే అని నేను అనొచ్చు.

వీబ్కె

* * *

ఎమ్డెన్, 1 డిసెంబరు 1965

అక్కా,

పిల్ల ఎవరూ లేదు.

మాస్టారు పోయారు. పోయిన గురువారం. ఊపిరితిత్తులు.

సోమవారం సంతకం పని. పొడవాటి బల్ల, అవతల ముగ్గురు. కాగితం ముందే టైపు చేసి ఉంది. అందులో ఉన్నది మొత్తం అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు. నాకంటే ముందు ఇద్దరు పెట్టారు. పెన్ను నా చేతికిచ్చి, "ఇదొక్కటే బాబూ, తర్వాత అంతా మామూలే" అన్నారు. పెట్టాను. చెయ్యి వణకలేదు. తర్వాత భోజనం పెట్టారు. బంగాళాదుంపల సూప్. మొత్తం తిన్నాను.

ఏమైనా అనిపిస్తుందేమోనని రెండు రోజులు చూశాను.

నువ్వయితే ఏమంటావు?

డెట్లెఫ్

* * *

హూజుమ్, 8 డిసెంబరు 1965

ఒరే డెట్లెఫ్,

హమ్మయ్య, ఇప్పటికి ఒక పేజీ రాశావు! అదీ మీ సినిమా గురించి. ఎంత బాగా రాశావురా, ఆ బల్లా, ఆ సూపూ కళ్ళకి కట్టాయి. బావకి చదివి వినిపించాను. ఆయన రొయ్యలు పక్కన పెట్టి విన్నాడు.

కానీ ఒకటి చెప్పు. మాస్టారు సముద్రంలోకి నడిచి వెళ్ళిపోతాడని ముందు రాశావు కదా, ఇప్పుడు ఊపిరితిత్తులంటున్నావు. మీ డైరెక్టర్ కథ మార్చేశాడా? నాకు సముద్రమే బాగుంది. పైగా ఆయన పోయాక సంతకం ఏమిటి? ముందు కదా పెట్టాలి? సినిమావాళ్ళు సీన్లు వెనకవి ముందు, ముందువి వెనక తీస్తారని బేకరీ ఆవిడ చెప్పిందిలే.

నేనయితే ఏమంటానని అడిగావు కాబట్టి చెబుతున్నా. యోర్గ్‌ని నేను తప్పు పట్టను. పంతొమ్మిదేళ్ళవాడు, బల్లకవతల పెద్దవాళ్ళు, ముందే ఇద్దరు పెట్టేశారు. వాడు పెట్టక ఏం చేస్తాడు పాపం? ఆ వయసులో ఎవడైనా పెడతాడు. వాడు పెట్టకపోతే మాత్రం ముసలాయన బతికొస్తాడా? మనసులో పెట్టుకుని కుమిలిపోవడం దండగ. ఇది నా తీర్పు. మీ డైరెక్టర్‌కి కూడా చెప్పు.

క్రిస్మస్‌కి వస్తున్నావు కదా? బాతు చెప్పి ఉంచాను.

నీ అక్క
వీబ్కె

* * *

మ్యూనిక్, 19 డిసెంబరు 1965

అక్కా,

క్రిస్మస్‌కి రాలేను. డబ్బింగు పని కోసం ఇక్కడికి తీసుకొచ్చారు. సముద్రం దగ్గర గాలి చప్పుడు వల్ల మాటలు సరిగా రికార్డు కాలేదు, అందుకని అన్నీ మళ్ళీ గదిలో కూర్చుని చెప్పాలి. తీలెమన్ తర్వాతి సినిమాకి కూడా నన్నే తీసుకున్నాడు.

నువ్వు రాసిన ఉత్తరం చాలాసార్లు చదివాను. కోటు జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. అలా రాసినందుకు సంతోషం.

బాతు మీరు తినండి.

డెట్లెఫ్

* * *

హూజుమ్, 26 ఫిబ్రవరి 1966

డెట్లెఫ్,

ఇవాళ జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాను. తల మీద జుట్టు ఆరబెట్టే యంత్రం బోర్లించి, చేతిలో ఒక పత్రిక పెట్టారు. తిప్పుతుంటే నీ ఫోటో. పక్కనున్నావిడకి "మా తమ్ముడండీ" అని చూపించాను. ఆవిడ పైకి చదివింది. అదింకా నా చెవుల్లో ఉంది.

మాస్టారి వేషం వేసిన ఓస్కార్ ఫెన్నెకోల్ అనే నటుడు నవంబరులో చల్లటి నీళ్ళలో షూటింగ్ చేసి, న్యుమోనియా వచ్చి చనిపోయాడట. విచారణ జరిగిందట. ప్రతిసారీ ఆయనే పట్టుబట్టి మళ్ళీ మళ్ళీ నీళ్ళలోకి దిగాడని, వద్దని అందరూ చెప్పినా వినలేదని, పక్కనే ఉన్న యువనటుడు డెట్లెఫ్ హార్క్సెన్ వాఙ్మూలం ఇచ్చాడట. అందువల్ల ఎవరి తప్పూ లేదని తేలిందట.

నువ్వు నాకు రాసింది సినిమా కాదు.

నేను రాసింది యోర్గ్ గురించిరా! కథలో కుర్రాడి గురించి! పుస్తకంలో ముసలాయన బతికిరాడని అన్నాను. ఆ మాట నువ్వు కోటు జేబులో పెట్టుకు తిరుగుతున్నావా? "అలా రాసినందుకు సంతోషం" అన్నావు. నేను కథ అనుకుంటున్నానని నీకు తెలియలేదా? సముద్రమే బాగుంది అని రాశానే, ఒక మనిషి చచ్చిపోతే నేను అలా రాస్తానా?

ఆ కాగితంలో ఏది నిజం, ఏది అబద్ధం? నాకు ఇది ఒక్కటి చెప్పు. గాలి, వాన, సూప్ వద్దు.

వీబ్కె

* * *

మ్యూనిక్, 6 మార్చి 1966

అక్కా,

తెలుసు. నీ ఉత్తరం రెండో పేరా దగ్గరే తెలిసింది. రాసేటప్పుడు నువ్వలా అనుకోవాలని రాయలేదు, నాకు అంతకంటే రాయడం చేతకాలేదు. కానీ నీ జవాబు వచ్చాక సరిదిద్దలేదు. కథ అనుకుని నువ్వు చెప్పిన మాట నిజానికి కూడా సరిపోతుందిలే అనుకున్నాను. అందుకే జేబులో పెట్టుకున్నాను.

జరిగింది ఇది.

నవంబరు తొమ్మిది, పొద్దున్న ఎనిమిది గంటలు. నీళ్ళ అంచున సన్నగా మంచు కట్టి ఉంది. మాస్టారు నల్లకోటుతో మెట్లు దిగి ఛాతీ లోతు దాకా నడవాలి. నేను గోడ మీద నిలబడి చూడాలి. రెండు కెమెరాలు, ఒకటి ఆయన వీపు మీద, ఒకటి నా మొహం మీద.

మొదటిసారి అయ్యాక ఆయనే అన్నారు, "మెట్టు మీద కాలు జారింది, ఇంకోసారి చేద్దామండీ" అని. ఇది నిజం. కాగితంలో నిజమైన ముక్క ఇదొక్కటే. ఆ ఒక్క మాటనే ప్రతిసారీ అన్నట్టు రాశారు.

రెండోసారి మబ్బు పట్టింది. మూడోసారి నేను కళ్ళు ఆర్పాను. నాలుగోసారి ఒక పడవ అడ్డొచ్చింది. ప్రతిసారీ దుప్పటి కప్పి, రమ్ కలిపిన టీ ఇచ్చి, తడిబట్టలు తీసి ఇంకో నల్లకోటు తొడిగేవాళ్ళు. నాలుగు కోట్లే తెచ్చారు. అయిదోసారికి తడిదే వేశారు. అయిదోసారి నా మొహంలో జాలి కనపడిందట. తీలెమన్ గోడ దగ్గరికొచ్చి కోపం లేకుండా, మెల్లగా చెప్పాడు, "డెట్లెఫ్, నాకు జాలి వద్దు. జాలి అందరి దగ్గరా ఉంది. నీ దగ్గర లేనిది నాకివ్వు. ఇవ్వకపోతే ఆయన మళ్ళీ దిగాలి, అది నీ వల్లే" అన్నాడు.

అందుకని ఇచ్చాను. ఆరోసారి అన్నీ ఆర్పేశాను. అది బాగా వచ్చింది.

మాస్టార్ని పైకి తెచ్చినప్పుడు ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. మూడో రోజు జ్వరం, ఆస్పత్రి. నేను చూడటానికి వెళ్ళలేదు. ఇరవై అయిదున పోయారు. వద్దని ఎవరూ చెప్పలేదు. అది పూర్తిగా అబద్ధం.

డబ్బింగులో ఆయన మాటలు వేరే నటుడు చెప్పాడు. మంచి గొంతు. ఎవరూ తేడా కనుక్కోలేరు.

ఇది రాస్తున్నప్పుడు కూడా నాకేమీ అనిపించడం లేదు. అత్త అన్నది నిజమేనేమో.

డెట్లెఫ్

* * *

హూజుమ్, 13 మార్చి 1966

డెట్లెఫ్,

నీ ఉత్తరం నాన్నకి చూపించాను. నువ్వు వద్దంటావని తెలుసు, అయినా చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. మడిచి నా చేతికిచ్చి, "ఫైలు మూసేశారు కదా. మూసిన ఫైలు తెరిస్తే అందరికీ తలనొప్పి. కుర్రాణ్ణి వదిలెయ్" అన్నారు.

నేను ఎప్పుడూ అడగనిది అడిగాను. "నాన్నా, నాజీల ఆ పన్నెండేళ్ళలో మీరు కోర్టులో ఉండి ఇలా ఎన్ని ఫైళ్ళు మూశారు?" అని. ఆయన లేచి, టోపీ పెట్టుకుని, బయటికి వెళ్ళారు. భోజనానికి రాలేదు. ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ అనిపించకపోవడం నీతో మొదలైంది కాదని నాకు ఆ టోపీ చూశాక తెలిసింది.

ఏం చెయ్యమంటావని నువ్వు అడగలేదు. అడిగినా చెప్పను. చెబితే మళ్ళీ నా మాట వెనక దాక్కుంటావు. ఈసారి నీకు ఆ వీలు ఇవ్వదలచుకోలేదు.

వీబ్కె

* * *

హూజుమ్, 22 మే 1966

ఒరే డెట్లెఫ్,

రెండు నెలలైంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. బావ నా ఉత్తరం నకలు లేదు కాబట్టి గుర్తున్నంత చెప్పమన్నాడు. చెప్పాను. "నువ్వు వాడికి తలుపు మొహాన వేశావు" అన్నాడు. అలా చదువుకున్నావా? నేను సలహా ఇవ్వనన్నాను. ఉత్తరం రాయొద్దనలేదు. ఇంటికి రావొద్దనలేదు. నువ్వు ఏం చేసినా ఏం చెయ్యకపోయినా నా తమ్ముడివే. అది విడిగా రాయాలని నాకు తట్టలేదు.

మీ సినిమా మన ఊరు వచ్చింది. మొదటి రోజు ఒక్కదాన్నే వెళ్ళాను. హాలు నిండింది. బేకరీ ఆవిడ ఏడ్చింది, నీ మొహం చూసి ఒళ్ళు గగుర్పొడిచిందంది. నిజమేరా, భయం వేసే మొహం. నేను దాన్ని చూడలేదు, ముసలాయన్నే చూశాను. నాకు తెలుసు కదా అది ఆరోసారని.

రెండో రోజు మళ్ళీ వెళ్ళాను, చూసింది నిజమో కాదో తెలుసుకుందామని. నిజమే. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాక ఆయన ఆగి, తల తిప్పి, గోడ వైపు చూస్తాడు. పెదాలు కదులుతాయి. హాల్లో అలల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అందరూ దాన్ని ప్రార్థన అనుకున్నారు. అది ప్రార్థన కాదు. ఆయన నీకేదో చెబుతున్నాడు.

నువ్వు నాకు అన్నీ రాశావు, అది రాయలేదు. ఆయన ఏమన్నాడు డెట్లెఫ్?

నీ అక్క
వీబ్కె

* * *

ఓల్డెన్‌బుర్గ్, 18 జూన్ 1966

అక్కా,

అవును, నువ్వు తలుపు వేశావనే అనుకున్నాను. అది నాకు తేలిగ్గా కూడా అనిపించింది. నీ మే నెల ఉత్తరం చదివాక వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు. తర్వాత రైలెక్కాను.

ముందు ఎమ్డెన్ వెళ్ళాను. కేసు చూసిన అధికారి దగ్గర కూర్చుని మళ్ళీ వాఙ్మూలం ఇచ్చాను. ఎన్నిసార్లు దిగారో, ఎందుకు దిగారో, ఎవరు ఏమన్నారో, ఎవరు ఏమీ అనలేదో, అన్నీ. ఏమీ అనని వాళ్ళలో మొదటి పేరు నాదే రాయించాను. ఆయన మంచివాడే. "ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అని అడిగాడు. ఇప్పుడే అడిగారు కాబట్టి అన్నాను. ఆయన తనని అంటున్నాననుకున్నాడు. మళ్ళీ విచారణ జరుగుతుందో లేదో తెలియదు. తప్పుడు వాఙ్మూలం ఇచ్చినందుకు నా మీద మాత్రం కేసు ఉంటుందట. తీలెమన్ రెండో సినిమాలోంచి నన్ను తీసేశాడు. ఫోన్లో ఒకటే మాట అన్నాడు, "నీ మొహం పాడుచేసుకున్నావు."

అక్కణ్ణుంచి ఇవాళ ఓల్డెన్‌బుర్గ్ వచ్చాను. హెర్మీనె ఫెన్నెకోల్ గారు నాలుగో అంతస్తులో ఉంటారు. ఎత్తుగా, నిటారుగా ఉన్న మనిషి. నా పేరు చెప్పగానే తలుపు మూస్తారనుకున్నాను. పక్కకి జరిగి, "చెప్పులు తుడుచుకుని రండి" అన్నారు.

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. ఆవిడ నిలబడే విన్నారు. అంతా అయ్యాక అన్నారు, "సినిమా పిచ్చితో ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని మా సొంత చెల్లెలు అంది. ఆయన తోటి నటులు అన్నారు. పేపర్లో మీ పేరుతో వచ్చింది కదా, అందరూ నమ్మారు. నలభై ఏళ్ళు వెనక వరసలో నిలబడి ఒక్కరోజు కూడా ముందుకి తోసుకోని మనిషి. ఆయన్ని అలాంటివాణ్ణి చేశారు మీరు." గట్టిగా అనలేదు. నేను అవునన్నాను.

తర్వాత ఆవిడ కూడా అదే అడిగారు. ఆవిడ ఆ సినిమా పదకొండుసార్లు చూశారట. "ఆయన కదిలేది ఇప్పుడు అక్కడొక్కచోటే కదా" అన్నారు. పెదాలు చదవాలని ముందు వరసలో కూర్చున్నారు, అర్థం కాలేదు. "ఏమన్నారు?" అన్నారు.

అక్కా, గోడ మీద నాకు స్పష్టంగా వినపడింది. గాలి నా వైపే వీస్తోంది. ఇంకెవరికీ వినపడలేదు. ఆయన అన్నది ఇది: "డెట్లెఫ్, వాళ్ళకి చెప్పు. ఇక నా వల్ల కాదు." నేను విన్నాను. కెమెరా నా మొహం మీద తిరుగుతోంది. మొహం కదిలితే ఏడోసారి దిగాలి అని ఒక లెక్క వేసుకున్నాను. అది ఆయన కోసం వేసుకున్న లెక్కే అని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన అడుగుతున్నది ఆపమని. నేను చూస్తూ నిలబడ్డాను. తీలెమన్ కౌగలించుకున్న మొహం అదే.

ఆవిడకి కూడా ఇలాగే చెప్పాను.

ఆవిడ నా దగ్గరికి ఒక అడుగు వేశారు. తర్వాత అడిగారు, "చెప్పు అన్నారా, చెప్పండి అన్నారా?"

నాకు అర్థం కాలేదు.

"మిమ్మల్ని నువ్వు అన్నారా, మీరు అన్నారా?"

"నువ్వనే అన్నారు. అప్పటిదాకా మీరనేవారు. హార్క్సెన్ గారూ అనేవారు. అప్పుడొక్కసారే డెట్లెఫ్ అన్నారు, చెప్పు అన్నారు."

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. "నాకు ఆయన నువ్వు అనడానికి ఏడాది పట్టింది. పెళ్ళికి నెల రోజుల ముందు మొదటిసారి అన్నారు. నాటకాలవాళ్ళలో ఎవరినీ అనలేదు, ఒక్కరిని కూడా. సొంతవాళ్ళు అనుకుంటే తప్ప ఆయన నోటికి ఆ మాట వచ్చేది కాదు" అన్నారు.

క్షమించాననలేదు. నేను అడగలేదు. కాసేపటికి, "ఇక వెళ్ళండి" అన్నారు. వచ్చేశాను.

రెండు అంతస్తులు దిగాక మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. కూరగాయల సంచీతో ఒకావిడ పైకి వస్తూ ఆగి, నా మొహంలోకి వంగి చూసి, "ఏమైంది బాబూ, బాగాలేదా?" అని అడిగింది.

బాగాలేదు అన్నాను.

డెట్లెఫ్